తాంబూలం ఎరుపు

తొమ్మిదో తరగతికి మూలకాలు, సంయోగ పదార్థాలు, మిశ్రమాలు చెప్పేటప్పుడు 7 గ్రాముల ఇనుప రజను, 4 గ్రాముల గంధకం పొడి బల్ల మీద పెడతాను. రెండూ కలిపి అయస్కాంతం ఆడిస్తే ఇనుము మొత్తం ఎగిరొచ్చి అంటుకుంటుంది, గంధకం కాగితం మీదే మిగులుతుంది. అదే పొడిని పరీక్షనాళికలో వేడిచేస్తే, ఒకసారి రాజుకున్నాక మంట తీసేసినా ఆ ఎర్రదనం తనంతట తనే పాకిపోతుంది. మిగిలిన నల్లముద్ద అయస్కాంతానికి అంటదు. "ఇనుము ఎక్కడికి పోయింది సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కడికీ పోలేదు, అందులోనే ఉంది. దాని గుణమే లేదు.

ప్రాచీన భౌతికవాదులైన చార్వాకులు పట్టుకున్నది సరిగ్గా ఇదే, కలిస్తే గుణం మారడం. ఆత్మ అంటూ వేరే లేదు, భూమి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు భూతాలు ఒక తీరున కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు. ఇంద్రియాలకు అందదు గనక ఆకాశాన్ని లెక్కలోకే తీసుకోలేదు. వాళ్ల వాదంగా సర్వసిద్ధాంతసంగ్రహంలో ఉన్న ఉపమానం తాంబూలం. ఆకు పచ్చన, సున్నం తెల్లన, నమిలితే నోరు ఎర్రన. మా నాయనమ్మ ఈనె తీసిన ఆకు మీద సున్నం వేలికొసతో రాసేది, తక్కువైతే "నోరు పండలేదురా" అని మళ్లీ రాసేది. వక్కలోని టానిన్ల వంటివి సున్నపు క్షారం తగిలితే ఎర్రబడతాయి. అంటే అది ఉత్త మిశ్రమం కాదు, రసాయన చర్య. ఉపమానం ఎంచినవాడి గురి మెచ్చుకోవాలి.

ఆత్మ వేరే ఉందనే నైయాయికుల జవాబు ప్రసిద్ధం: శవంలోనూ అవే భూతాలున్నాయి, చైతన్యం లేదే? ఇది నాకు బలహీనంగా తోస్తుంది. సరుకు అదే అయినా అమరిక మారితే గుణం మారుతుంది. వజ్రమూ గ్రాఫైటూ రెండూ కర్బనమే. (అన్నట్టు, ఆ నైయాయికుల పక్షాన తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు బంగారాన్ని తేజస్సులో చేర్చాడు. ఇప్పుడది 79వ మూలకం. ఆయన తొమ్మిది ద్రవ్యాల్లో ఆత్మ కూడా ఒకటి.)

నాకు అడ్డుపడేది వేరే. నాయనమ్మ అద్దంలో నాలుక చాపి ఎరుపు చూసుకునేది. నల్లముద్దకు కొత్త గుణం వచ్చిందని నేను అయస్కాంతం పెట్టి తేలుస్తాను. రెండుచోట్లా గుణం ఒకటి, దాన్ని చూసేవారు ఇంకొకరు. చైతన్యాన్ని అలా ఎదురుగా పెట్టుకుని చూడటం ఎలా, చూస్తున్నదే అది అయినప్పుడు? ప్రత్యక్షమే ప్రమాణమన్న చార్వాకుణ్ణి ఆ ప్రత్యక్షం ఎవరికని అడిగితే, తాంబూలం చూపిస్తే చాలదు.