చేతికి తెలిసింది జ్ఞానమేనా?

డిగ్రీ స్థాయి చిత్రకళా ప్రాజెక్టులో సాధారణంగా రెండు భాగాలుంటాయి: విద్యార్థి చేసిన కళాకృతి, దాని వెనకున్న ఆలోచనను వివరించే వ్యాసం. మరి జ్ఞానం ఎందులో ఉన్నట్టు?

చిత్రకారుడు వస్తువు పైరూపాన్ని మాత్రమే అనుకరిస్తాడని, సత్యానికి దూరంగా ఉండిపోతాడని ప్లేటో వాదించాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ మాత్రం, వివేకంతో కూడిన తయారీ నేర్పునూ సత్యాన్ని అందుకునే మార్గాల్లో ఒకటిగా లెక్కించాడు. 20వ శతాబ్దంలో తత్వవేత్త గిల్బర్ట్ రైల్, ఒక విషయం తెలియడం వేరు, ఒక పని చేయడం తెలియడం వేరన్నాడు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు.

శాంతినికేతన్‌లోని హిందీ భవన్ కుడ్యచిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. మధ్యయుగపు భక్తుల జీవితాలను వినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో అక్కడి గోడలపై చిత్రించారు. అప్పటి విద్యార్థి కె.జి. సుబ్రమణ్యన్ ఆ పనిలో చేయి వేశారు. ఆ గోడలపై వాడిన పద్ధతిలో సున్నపు పూత తడి ఆరకముందే రంగు వేయాలి. అప్పుడే అది గోడలో కలిసి గట్టిపడుతుంది. ఆరాక దిద్దాలంటే ఆ మేర పూత చెక్కేసి మళ్లీ వేయాల్సిందే. ఎంత తడి ఉండగా కుంచె ఆనించాలో పుస్తకం సూచించగలదు గానీ, తేల్చేది చెయ్యే.

అయితే చేతి నేర్పు జ్ఞానమే అయినా, నేర్పంతా పరిశోధన కాదు. అడిగిన ప్రశ్న, ఎంచుకున్న పద్ధతి, విఫలమైన నమూనాలు ఇతరులు పరిశీలించేలా ఉన్నప్పుడే అది పరిశోధన అవుతుంది. వ్యాసం పని ఆ దారి చూపడం. కళాకృతికి బదులుగా నిలవడం కాదు.