స్వేచ్ఛగా ఇచ్చిన మాట

జీతము పుచ్చుకొనువాడు పనికి రానియెడల యజమానుడు కారణమడుగును. జీతము లేకయే పనిచేసెదనని మాట ఇచ్చినవాడు రానియెడల అడుగుటకు ఎవరికి అధికారము కలదు? "ఇష్టపూర్వకముగా మొదలుపెట్టిన పనిని ఇష్టము లేని దినమున మానుకొనుటకు నాకు స్వేచ్ఛ లేదా?" అను తలంపు సండేస్కూలు ఉపాధ్యాయునికిని, గాయక బృందములోని వారికిని, రోగులను దర్శించు సహోదరికిని ఏదో యొకనాడు కలుగకమానదు. ఈ ప్రశ్నను పరిశీలించుటకు అమెరికా దేశపు చిన్న పట్టణములలోని స్వచ్ఛంద అగ్నిమాపక దళములు మనకు చక్కని దృష్టాంతముగా నున్నవి.

మన పల్లెలలో పూరిపాక అంటుకొన్నప్పుడు ఇరుగుపొరుగువారు బిందెలతో పరుగెత్తుదురు. కాని అగ్నిమాపక యంత్రముతో వచ్చువారు సాధారణముగా ప్రభుత్వోద్యోగులు. అమెరికాలో అట్లు కాదు. 2020వ సంవత్సరపు అంచనా ప్రకారము అక్కడి అగ్నిమాపకులలో సుమారు 65 శాతము స్వచ్ఛంద సేవకులే. ఈ ఆచారము పాతది. 1736 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో మరికొందరితో కలసి యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించెను. ప్రతి సభ్యుడును తోలు బకెట్లను, సామాను తరలించుటకు గుడ్డ సంచులను తన స్వంత ఖర్చుతో సిద్ధపరచుకొనవలెను. నెలవారీ కూటమునకు రానివాడు జరిమానా చెల్లింపవలెను. ఆ సొమ్ము నిచ్చెనలు మొదలగు పరికరములకు వినియోగింపబడెను. గమనించితిరా? జీతము లేదు గాని జరిమానా కలదు! చేరుట స్వేచ్ఛ, చేరిన పిమ్మట నియమము.

నేటి సభ్యుడు ఒక రైతు, ఒక బడిపంతులు, ఒక దుకాణదారుడు. ఆపదలోనున్నవారు 911 అను సంఖ్యకు ఫోను చేయగా అతని నడుముననున్న పేజరో, చేతిలోని ఫోనో మోగును; కొన్ని ఊళ్లలో సైరను కూడ కూయును. అతడు అన్నము ముందునుండి లేచి, స్టేషనుకు పోయి, బరువైన కోటు, శిరస్త్రాణము ధరించి, బండి యెక్కవలెను. మండుచున్న యింటిలోనికి ఇద్దరు ప్రవేశించినప్పుడు, వారికి ఆపద కలిగినయెడల కాపాడుటకు బయట మరి యిద్దరు సిద్ధముగా నుండవలెనని అక్కడి భద్రతా నియమము. ముగ్గురే వచ్చిరనుకొనుడి. లోపల ఎవరైన చిక్కుకొనియున్నారని తెలిసిన సందర్భములో తప్ప ఆ ముగ్గురును గుమ్మము దాటరాదు. నాలుగవవాడు "నేనొక్కడను రాకపోయిన నేమి?" అనుకొని పండుకొనినయెడల, వాడు తన సేవను మాత్రమే కాదు, వచ్చిన ముగ్గురి సేవను కూడ నిష్ఫలము చేసినవాడగును.

కాబట్టి స్వేచ్ఛగా ఇచ్చిన మాట బంధించును. ఆ మాటను నమ్మి ఇతరులు తమ ప్రాణములను ఆనుకొనియున్నారు. నాలుగవవాడు తనకు శక్తి చాలదని పగటివేళ చెప్పి తప్పుకొనవచ్చును. అందులో అవమానము లేదు. అప్పుడు ఊరివారు మరియొకని వెదకుకొందురు. కాని పేరు పట్టికలో నుంచుకొని పిలుపు వచ్చిన గడియలో మౌనముగా నుండుట ఆ పొరుగువానిని మోసగించుటయే. చేరుటలోను విడుచుటలోను స్వేచ్ఛ కలదు గాని సైరను మ్రోగుచున్న వేళలో కాదు. వెళ్లెదనని పలికి ద్రాక్షతోటకు పోని కుమారుని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము (మత్తయి 21) మనకు ఈ సంగతినే జ్ఞాపకము చేయుచున్నది.

అయితే పిలుపులన్నియు గొప్పవి కావు. 2020లో అమెరికా అగ్నిమాపక దళములకు వచ్చిన పిలుపులలో నిజమైన అగ్నిప్రమాదములు నూటికి ఇంచుమించు నాలుగే. అరువదికి పైగా రోగులకు సహాయము కోరినవి. కొన్ని కేవలము రొట్టె మాడిన పొగకు మోగిన అలారముల వంటివి. రాత్రి రెండు గంటలకు లేచి, వట్టి పొగను చూచి తిరిగివచ్చినవాని శ్రమ వ్యర్థమా? కాదు. ఏ పిలుపు నిజమైనదో పరుపుమీద నుండి ఎవడును నిర్ణయింపలేడు. బాలుడైన సమూయేలు ఏలీ పిలిచెననుకొని ఒక రాత్రి మూడుమారులు లేచి పరుగెత్తెను. మూడుమారులును ఏలీ పిలువలేదు. విసుగుకొని పండుకొనియుండినయెడల నాలుగవ పిలుపునకు వాని చెవి సిద్ధముగా నుండెడిదా?

వెళ్లినను చేయదగినది మిగులని సందర్భములును కలవు. 2001 సెప్టెంబరు 11న పెన్సిల్వేనియాలోని షాంక్స్‌విల్ అను చిన్న గ్రామము చెంత విమానము కూలినప్పుడు అక్కడి స్వచ్ఛంద దళము త్వరపడి చేరెను. ప్రయాణికులు, సిబ్బంది కలిసి 40 మందిలో రక్షించుటకు ఒక్కరును మిగిలియుండలేదు. అయినను వారు అక్కడక్కడ రగులుచున్న మంటలనార్పిరి. ఫలితము మన చేతిలో లేదు. చేరుట మాత్రమే మన వంతు.

ఇంత చెప్పినను, మాటకు కట్టుబడుటయనగా వివేకమును విడుచుట కాదు. 2013 ఏప్రిల్ 17న టెక్సస్ రాష్ట్రములోని వెస్ట్ అను పట్టణమున ఎరువుల గిడ్డంగి అంటుకొనగా దళమువారు ఆర్పుటకు వెళ్లిరి. లోపలనున్న అమ్మోనియం నైట్రేట్ ప్రేలెను. మరణించిన 15 మందిలో 12 మంది సహాయము చేయ వచ్చినవారే. పిలువబడినవానికి పరుగెత్తు బాధ్యత కలదు. పిలుచువారికి అపాయమును ముందుగా తెలియజేయు బాధ్యత కలదు. సేవకుని త్యాగమును పొగడుచు వానికి తగిన తర్ఫీదును, సాధనములను ఇయ్యని ఊరు కృతఘ్నతగల ఊరు.

మరియొక సంగతి. 1984లో ఆ దేశమున దాదాపు 9 లక్షల మంది యుండిన ఈ సేవకులు 2020 నాటికి సుమారు 6 లక్షల 77 వేలకు తగ్గిరి. కొద్దిమంది భుజములమీద భారము పెరిగినది. మన సంఘములలోను ఇట్లే జరుగుచున్నది కాదా? అలసిన నలుగురిని విమర్శించుట సులభము. అయిదవవాడుగా చేరుట కష్టము.

ప్రియ చదువరీ, నీవు మాట ఇచ్చిన పని యేది? నీ కొరకు కనిపెట్టుచున్న రోగి యెవరు? నీవు రాకపోయిన గుమ్మము దాటలేని ముగ్గురెవరు? శక్తి లేనియెడల నేడే వినయముతో చెప్పుము. శక్తి యున్నయెడల పిలుపు చిన్నదైనను పెద్దదైనను లేచి వెళ్లుము. మనలను రక్షించుటకు ఎవరి బలవంతమును లేక వచ్చిన ప్రభువు, చేదైన గిన్నె యెదుట కూడ తాను స్వేచ్ఛగా చేపట్టిన పనిని విడువలేదు.