చవక బ్రతుకు: ఒక నైతిక ప్రశ్న

ముప్పయ్యేళ్ల పాటు అమెరికాలో ఒక కర్మాగారంలో యంత్రాలు బాగుచేసి రిటైరైన నా బాల్యమిత్రుడొకడు ఇప్పుడు థాయ్‌లాండులో, హువా హిన్ అనే సముద్రతీరపు పట్టణంలో వుంటున్నాడు. అమెరికాలో అతని పింఛను ఇంటి అద్దెకూ మందులకూ చాలేది కాదు. ఇక్కడ అదే పింఛనుతో సముద్రం కనిపించే రెండు గదులు, రోజూ చేపల కూర, పైగా నెలాఖరుకు కొంత మిగులు. కిందటేడు నేనతని దగ్గర ఇరవై రోజులున్నాను. బయలుదేరే ముందురోజు, "నువ్వు కూడా వచ్చెయ్యరా, ఇద్దరం రాజాల్లా బతుకుదాం," అన్నాడు. నేను నీళ్లు నమిలాను. అది చూసి, "నేను చేస్తున్న తప్పేమిటో చెప్పు," అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం. నా మిత్రుణ్ణి బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారి కూడా నాకు ఆశ కలగలేదంటే అది అబద్ధమౌతుంది.

తేలిక జవాబులు రెండున్నాయి. వాటిని ముందే పక్కకు పెట్టాలి. మాతృదేశాన్ని వదిలినవాడు ద్రోహి అనేది మొదటిది. మన కోస్తా జిల్లాల నించి పొట్ట చేతబట్టుకొని రంగం వెళ్లిన కూలీలను ఎవరూ ద్రోహులనలేదు. బ్రతుకుతెరువు కోసం సముద్రం దాటిన మనిషికి ముసలితనంలో మాత్రం బ్రతుకు అక్కర్లేదా? ఇది డబ్బున్నవాడి విలాసం అనేది రెండో జవాబు. ఇదీ నిలవదు. అమెరికాలో వృద్ధాప్యపు పింఛను చట్టం 1935లో వచ్చింది. ఆ పింఛను ఎవరి దానమూ కాదు. శ్రామికుల జీతాల్లోంచి కోసిన పన్ను మీద నడుస్తుంది. వృద్ధులకు ప్రభుత్వమిచ్చే వైద్య బీమా, మెడికేర్, దేశం దాటితే దాదాపు పనికిరాదు. అది తెలిసి కూడా వచ్చాడంటే నా మిత్రుడు అక్కడ బతకలేకనే వచ్చాడు. అతను కార్మికుడు. ఒకప్పుడు జీతాల పెంపు కోసం ఆరు వారాలు సమ్మె చేసినవాడు.

మరి చిక్కు ఎక్కడుంది? "ఇక్కడ అన్నీ చవక" అన్న మాటలో వుంది.

చవకను మనం ఆ వూరి గాలిలాగా, ఎండలాగా, ప్రకృతి ఇచ్చిన గుణమనుకుంటాం. వస్తువుల మధ్య సంబంధంగా కనిపించేది నిజానికి మనుషుల మధ్య సంబంధమని మార్క్స్ 1867లో "పెట్టుబడి" మొదటి సంపుటంలో చూపాడు. ఏళ్ల తరబడి తరగతిలో ఆ పాఠం చెప్పిన నేను కూడా హువా హిన్‌లో చవకగా భోంచేసినంతసేపూ దాన్ని మరిచిపోయాను. గుర్తు చేసింది నా మిత్రుడి బట్టలుతికి ఇస్త్రీ చేసే ఆవిడ.

ఆవిడ వయసు అరవై ఆరు. అతనిదీ అంతే. యాభై ఏళ్లు దాటిన విదేశీయుడు విశ్రాంతి కోసం ఆ దేశంలో ఏడాది పాటు వుండాలంటే నెలకు 65,000 బాట్‌ల రాబడైనా చూపాలి, 8 లక్షల బాట్‌లు బాంకులో నిలవైనా వుంచాలి. ఆ దేశపు పౌరురాలైన ఆవిడకు అరవై దాటినందుకు, 2011లో నిర్ణయించిన లెక్క ప్రకారం, ప్రభుత్వమిచ్చే భత్యం నెలకు 600 బాట్‌లు. ఒకే వయసున్న ఇద్దరు వృద్ధులు. బతకడానికి ఒకరికి కావాలని ప్రభుత్వమే నిర్ణయించిన మొత్తం, రెండోవారికి చాలని నిర్ణయించిన మొత్తానికి నూరురెట్లకు పైమాట. ఆవిడ ఉతుకుతుంది కనక అతను విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆవిడ ఎప్పుడు విశ్రాంతి తీసుకుంటుందని నేనడిగాను. నా మిత్రుడు అనువాదం చేశాడు. ఆవిడ నవ్వి ఇస్త్రీ పెట్టె అందుకుంది.

ఆ వూళ్లోనే బర్మా నించి వచ్చిన కూలీలున్నారు. ఇళ్లు కడతారు, హోటళ్లలో పాత్రలు తోముతారు. ఒకప్పుడు మనవాళ్లు పనికోసం వెళ్లిన దేశం నించి ఇప్పుడు వాళ్లు పనికోసం ఇక్కడికొచ్చారు. విశ్రాంతి వీసా మీద వున్న విదేశీయుడు పని చెయ్యకూడదని చట్టం. పని పర్మిట్ మీద వున్న కూలీ పని పోతే ఆ దేశంలో నిలవడమే కష్టం. ఒకరికి పనిచేసే హక్కు లేదు, ఇంకొకరికి పని మానే హక్కు లేదు.

హువా హిన్‌లో రాజుగారి విడిది ఒకటుంది. దాని పేరు క్లై కాంగ్వాన్, అంటే "చింతలకు దూరం". 1932 జూన్ 24న బాంకాక్‌లో నిరంకుశ రాజరికం కూలినప్పుడు ప్రజాధిపోక్ రాజు ఆ విడిదిలోనే వున్నాడు. చింత అక్కడికే వచ్చింది. ఆ వూరి చవకతనానికి కూడా అలాంటి చరిత్రే వుంది. 1997 జూలై 2కు ముందు డాలరుకు సుమారు 25 బాట్‌లు వచ్చేవి. ఆ రోజున ప్రభుత్వం బాట్‌ను మార్కెట్టుకు వదిలేసింది. 1998 జనవరి నాటికి డాలరుకు 50 దాటింది. ఫాక్టరీలు మూతపడ్డాయి, జనం పనులు పోగొట్టుకొని పల్లెలకు తిరిగిపోయారు. తరవాత బాట్ కొంత కోలుకుంది గాని పాత స్థాయికి మళ్లీ చేరలేదు. డాలరు పింఛనుదారు అనుభవించే చవకలో ఆనాటి నష్టం కూడా కొంత కలిసి వుంది.

ఐతే నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది వేరొక విషయం. 2025 జనవరిలో ఆ దేశంలో కనీసవేతనం పెరిగింది. ప్రాంతాన్ని బట్టి రోజుకు 337 నించి 400 బాట్‌ల దాకా అయింది. 400 వచ్చింది ఫుకెట్ వంటి కొన్నిచోట్ల మాత్రమే. ఆ లెక్కన కూడా నెలకు ఇరవయ్యారు రోజులు పనిచేస్తే 10,400 బాట్‌లు. విదేశీ వృద్ధుడు చూపవలసిన రాబడి ఇలాంటి ఆరుగురి కూలికి పైమాట. నా మిత్రుడు ఈ సంగతి చెబుతూ, "ఇలా పెంచుకుంటూ పోతే ఇక్కడ కూడా బతకలేం," అన్నాడు. అన్న మరుక్షణం తలవంచుకున్నాడు. ఆరు వారాలు సమ్మె చేసినవాడు, ఇతరుల కూలి పెరుగుతుందని భయపడే స్థితికి వచ్చాడు. అతని స్వభావం మారలేదు. అతని నిలకడ మారింది. పింఛను చేతబట్టుకొని సముద్రం దాటేటప్పుడు తెలియకుండానే అతను ఒక పక్షం నించి మరో పక్షానికి దాటాడు.

"నేను వెళ్లిపోతే ఆవిడకు వున్న రాబడి కూడా పోదా?" అని అతనన్నాడు. పోతుంది. కాని ఈ వాదన జమీందారు కూడా చేశాడు. తన పొలం లేకపోతే కూలీలు పస్తుంటారన్నాడు. అందులో నిజం లేకపోలేదు. ఆ నిజం వల్ల జమీందారీ న్యాయం కాలేదు. పండగకు ఇనాములివ్వడం మంచి పనే, ఐనా కూలి రేటును ఇనాము మార్చదు. అతను మూటాముల్లే సర్దుకొని వెళ్లిపోయినా రేటు మారదు. వ్యక్తి మంచితనంతో ఈ లెక్క సరిపడదు.

కాకినాడలో మా ఇంటికి తిరిగివచ్చిన వారానికి మా వంటమనిషి నెలకు రెండువందలు ఎక్కువ అడిగింది. నేను వెంటనే, "అన్ని ధరలూ ఇలా పెరిగిపోతే ఎలాగమ్మా?" అన్నాను. అని, నా మాట నేనే విన్నాను. సముద్రం దాటకుండానే నేను ఇన్నేళ్లుగా హువా హిన్‌లో కాపురం చేస్తున్నాను! మన దేశంలో భవిష్యనిధి పథకం కింద కార్మికుడికొచ్చే కనీస పింఛను 2014లో నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ఆవిడకు అదీ లేదు. నా పింఛను హాయిగా సరిపోతున్నదంటే, ఆవిడకు పింఛను లేకపోవడం కూడా అందుకొక కారణం.

నా మిత్రుడికి ఇలా రాశాను: "నువ్వక్కడ వుండటం తప్పు కాదు. ఈ ధర ఇలాగే వుండాలని కోరుకున్నచోట తప్పు మొదలౌతుంది. ఆవిడ కూలి పెరిగితే నీ బ్రతుకు ఇరుకౌతుందని నీకు తెలుసు. తెలిసి కూడా పెరగాలని కోరగలవా? ఆవిడ ఎక్కువ అడిగిన రోజున బేరమాడకుండా ఇవ్వగలవా? మన ముసలితనం ఇంకొకరి లేమి మీద ఆధారపడకుండా వుండాలంటే, బట్టలుతికే చేతులకు కూడా పింఛను రావాలి, అక్కడా ఇక్కడా కూడా. ఆ కోరిక వదులుకోనంతవరకు నువ్వు పాత సమ్మెదారువే."

నేను హువా హిన్ వెళ్లడం లేదు. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. నెలకు 65,000 బాట్‌లు నాకు రావు, బాంకులో చూపవలసినంత డబ్బూ లేదు. కనక ఈ వ్యాసం రాయడం నాకు సులభమైందని ఎవరైనా అంటే కాదనను. వంటమనిషికి రెండువందలు పెంచాను. ఆవిడకు విశ్రాంతి ఎప్పుడన్న ప్రశ్న అలాగే వుంది.