తల్లి నెత్తురులో బిడ్డ జాడ



యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచిన శిష్యులు మొదట అడిగినది వాని కష్టమునుగూర్చి కాదు, నేరము ఎవరిదని. మన పల్లెలలో ఆ మాట నేటికిని వినబడుచున్నది. బిడ్డ మందబుద్ధితో పుట్టినయెడల అత్త కోడలివైపు చూచును, సంఘము ఇద్దరివైపును చూచును.

ఇప్పుడు ఆ ప్రశ్న బిడ్డ పుట్టకముందే వచ్చుచున్నది. గర్భిణి రక్తములో బిడ్డ జన్యుపదార్థపు తునకలు తిరుగుచుండునని 1997లో డెన్నిస్ లో అను వైద్యుడును ఆయన తోటివారును కనుగొనిరి. 2011 నుండి ఆ పరీక్ష వాడుకలోనికి వచ్చినది. పది వారములు నిండిన తల్లి చేతినుండి కొంచెము రక్తము తీసిన చాలును, డౌన్ సిండ్రోము అనుమానము ఉన్నదో లేదో చాలవరకు తెలియును. మునుపు అనుమానము కలిగిన అనేకులకు, పదిహేను వారములు దాటిన పిమ్మట, కడుపులో సూది గ్రుచ్చి ఉమ్మనీరు తీయవలసి వచ్చెడిది. ఆ సూదివలన అరుదుగానైనను గర్భము పోవుట కలదు. రక్తపరీక్ష వచ్చినప్పటినుండి అనేక దేశములలో సూదులు బాగుగా తగ్గినవి. ఇది మేలే.

అయితే పుంగనూరు ప్రక్క పల్లెలో ఇరువదిరెండేండ్ల చిన్నది ఒకతె ఉన్నదనుకొనుడి. అపాయము ఎక్కువని కాగితము వచ్చినది. ఇంటివారు దానినే తీర్పుగా ఎంచి, గర్భము తీయించుటకు బండి మాటలాడుదురు. అయ్యలారా, అది తీర్పు కాదు, అనుమానము మాత్రమే! ఆ తునకలు మావినుండి వచ్చినవి. మావిలోని తేడా బిడ్డలో లేకపోవచ్చును. చిన్న వయస్సు తల్లులలో ఇట్టి అనుమానములు అనేకము తప్పిపోవును. నిజము తెలియవలెనన్న సూదిపరీక్షయే కావలెను. మదనపల్లెనుండియు కుప్పమునుండియు మన పెద్దలు ఏనాటినుండియో వేలూరు ఆసుపత్రికి పోవుచున్నారు, అక్కడ జన్యువైద్యులున్నారు. ఆ చిన్నదాని బస్సు ఖర్చునకు సంఘపు కానుకలనుండి ఇచ్చుట తప్పు కాదు.

మన సీమలో మేనరికము వాడుక. డౌన్ సిండ్రోము దానివలన వచ్చునది కాదు. మేనరికమువలన హెచ్చు రోగములను ఈ పరీక్ష సాధారణముగా చూడనే చూడదు. కాగితము బాగున్నదని నిశ్చింతగా ఉండవద్దు. ఇక ఆడపిల్లయా మగపిల్లవాడా అని అడుగుట 1994 చట్టము చొప్పున నేరము. ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు వచ్చువాడు అడిగినను నేరమే.

సూదియు అదే చెప్పినయెడల? ప్రభువు నేరమును ఎవరిమీదను మోపక, మన్ను తడిపి వాని కన్నులమీద చేయి వేసెను. అట్టి బిడ్డను ఆదివారము ఒడిలో కూర్చుండబెట్టుకొను స్త్రీలు మన సంఘములో ఎందరున్నారో, వచ్చు కూడికలోగా పెద్దలు లెక్కవేసి చూడుడి.