చెర విడిపించిన తరువాత

ఓం నమో నారాయణాయ.

 

నరక చతుర్దశి నాడు తెల్లవారకముందే తలంటు పోసుకోవడం, సాయంత్రం గుమ్మం ముందు దీపాలు పెట్టి పిల్లలకు నరకాసుర వధ చెప్పడం మన పెద్దలు మనకిచ్చిన అలవాటు. ఈ చలిదేశానికి వచ్చినా మనం దాన్ని మానలేదు. కానీ కథ చెప్పేటప్పుడు మనలో చాలామంది నరకుడు నేల కూలగానే ఆపేస్తాం. సత్యభామ విల్లు ఎక్కుపెట్టిన దాకా పిల్లలు కళ్ళార్పకుండా వింటారు, ఆ తరువాత వారి ధ్యాస టపాకాయల మీదికి పోతుంది.

భాగవతం దశమ స్కంధంలో కథ అక్కడితో అయిపోలేదు. నరకుని చెరలో ఉన్న పదహారు వేలమంది రాజకన్యలను శ్రీకృష్ణ పరమాత్మ విడిపించాడు. తలుపులు తెరిచి, ఇక మీ దారిన మీరు పొండి అనలేదు. పల్లకీలలో ద్వారకకు పంపించాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇల్లు ఏర్పరచి, తాను అన్ని రూపాలు ధరించి అందరి చేయీ పట్టుకున్నాడు. అసురుణ్ణి చంపడం ఒక యుద్ధంతో తీరిపోయింది. విడుదలైనవారికి ఇల్లూ, గౌరవమూ కల్పించడం ఆ తరువాత మొదలైన పని. ఈ రెండూ కలిస్తేనే రక్షణ అనే మాట పూర్తవుతుంది.

ఈ సంచికలో ఆ రెండవ పని గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము. ఆ తల్లులను మూగజీవాలతో పోల్చడం మా ఉద్దేశం కాదు. స్వామి పద్ధతిని చూసి, మన చేతిలో ఉన్న చిన్న పనిలో దాన్ని ఎలా పాటించాలో తెలుసుకోవడమే ఉద్దేశం. మన సొసైటీ సభ్యులం కొందరం కలిసి, ఇల్లు లేని పిల్లులకూ, గాయపడిన చిన్న జీవాలకూ ఆశ్రయమిచ్చే సేవ ఒకటి నడుపుతున్నాము. మాకు జీతగాళ్ళు లేరు, ఆఫీసు లేదు. మా ఇళ్ళలో ఖాళీగా ఉన్న గదులే ఆశ్రయాలు. ఉద్యోగాలు, పిల్లల చదువులు, పండుగలు చూసుకుంటూ మిగిలిన వేళల్లో చేసే పని ఇది. చేసేకొద్దీ ఇందులో ఎదురయ్యే ప్రతి ప్రశ్నకూ మన పురాణాల్లో ముందే సమాధానం ఉందని తెలుస్తోంది.

నమ్మి వచ్చినదాన్ని విడువరాదు

మహాభారతంలో పదిహేడవది మహాప్రస్థానిక పర్వం. ద్రౌపదీదేవి, తమ్ములు నలుగురూ దారిలో ఒక్కొక్కరే పడిపోయారు. ధర్మరాజు వెంట ఒక కుక్క మాత్రం మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. భార్యనూ, తమ్ములనూ వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కను వదలలేవా అని ఇంద్రుడు గడుసుగా అడిగాడు. దానికి ధర్మరాజు చెప్పిన సమాధానం మనం తరచుగా మరచిపోతాం. వాళ్ళు మరణించారు, మరణించినవారిని బ్రతికించడం నా వశంలో లేదు, బ్రతికి ఉండగా మాత్రం వాళ్ళను నేను విడువలేదు అన్నాడు. ఈ కుక్క బ్రతికి ఉంది, నమ్మి వెంట వచ్చింది. అంతకంటే వేరే కారణం ఆయనకు అక్కర లేకపోయింది.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఈ దేశంలో ఎంతోమంది కుక్కపిల్లలను, పిల్లికూనలను తెచ్చుకున్నారు. ఆఫీసులు తెరిచాక, ఖర్చులు పెరిగాక వాటిలో కొన్ని ఆశ్రయాల గుమ్మాలకు చేరాయి. మనవాళ్ళలో కూడా పిల్లాడు ముచ్చటపడ్డాడని పుట్టినరోజుకు పిల్లికూనను తెచ్చి, వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళేటప్పుడు దాన్ని ఎవరికి అప్పగించాలో తెలియక తికమకపడేవారు ఉన్నారు. ఇల్లు మారితే కొత్త ఇంటి ఓనరు ఒప్పుకోకపోవచ్చు. ఉద్యోగం ఇంకో దేశానికి మారవచ్చు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అందుకే తెచ్చుకునే ముందే ఆలోచించాలి. పిల్లి పదిహేనేళ్ళూ, ఒక్కోసారి అంతకు మించీ బ్రతుకుతుంది. ఈనాడు పదేళ్ళ పిల్లాడు పాతికేళ్ళవాడయ్యే దాకా అది ఆ ఇంటి మనిషే.

దయకు తెలివి తోడు కావాలి

నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోయడం మన ఆచారం. అది మన భక్తికి గుర్తు. పాము మాత్రం పాలు తాగే జీవి కాదు. అలాగే ఇక్కడి పెరళ్ళలో రాత్రిపూట తిరిగే హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జీవిని చూసి, పాపం ఆకలిగా ఉందని గిన్నెలో పాలు, బ్రెడ్డు పెట్టేవారు ఉన్నారు. ఆ పాలు దానికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్ళు, కాస్త మాంసంతో చేసిన పిల్లుల ఆహారం పెడితే దానికి మేలు. తల్లిని పోగొట్టుకున్న పిల్లికూనలకు కూడా ఆవుపాలు పడవు. వాటికోసం తయారుచేసిన పాలపొడి కలిపి, తొలి రోజుల్లో రెండు మూడు గంటలకు ఒకసారి, రాత్రిళ్ళు కూడా లేచి పట్టాలి. ఒళ్ళు చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం ఇవ్వాలి, ఆ తరువాతే పాలు. తొందరపడి పడితే ప్రాణానికే ముప్పు.

ప్రసాదమే కదా అని పాయసంలోని కిస్‌మిస్ పళ్ళను కుక్కకు పెట్టకండి, దాని మూత్రపిండాలు చెడిపోవచ్చు. ఉల్లిపాయ పకోడీ, చాక్లెట్టు కూడా పెట్టకండి. అర్చనలో ఏ దేవుడికి ఏది ప్రీతో తెలుసుకుని ఉపచారాలు చేస్తాం. శివునికి బిల్వం, విష్ణువుకు తులసి అంటాం. నోరులేని జీవి విషయంలో కూడా దానికి ఏది హితమో తెలుసుకుని చేయడమే ఉపచారం. ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించే 2006 నాటి జంతు సంక్షేమ చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. తగిన చోటు, తగిన ఆహారం, సహజంగా మెలగే వీలు, తోటి జంతువులతో కలిసో విడిగానో ఉండే ఏర్పాటు, నొప్పి నుంచీ రోగం నుంచీ కాపుదల, ఈ ఐదూ పెంచేవాడి బాధ్యత అని అందులో ఉంది.

శిబి తూచి ఇచ్చాడు

రాత్రి పదింటికి ఫోను వస్తుంది. అట్టపెట్టెలో నాలుగు పిల్లికూనలు దొరికాయి, తీసుకుంటారా అని అడుగుతారు. మా గదులన్నీ నిండి ఉంటాయి. లేదు అని చెప్పవలసి వస్తుంది. గుడి మనుషులు మీరే కాదంటే ఎలా అని నొచ్చుకుంటారు. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన మాట ఈ 'లేదు'.

శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడడానికి తన శరీరాన్నే కోసి తూచి ఇచ్చాడు. తన ఆశ్రయంలో ఉన్న మరో ప్రాణి వాటాను తీసి ఇవ్వలేదు. ఒక గదిలో పట్టేదానికంటే ఎక్కువ పిల్లులను ఉంచితే ఒకదాని జలుబు అన్నిటికీ అంటుకుంటుంది, టీకాలు పడని కూనలు ముందు పోతాయి. అప్పుడు మనం చేసినది రక్షణ కాదు, ముందుగా నమ్మి వచ్చినవాటికి చేసిన ద్రోహం. అయితే లేదు అని ఫోను పెట్టేయడం కూడా ధర్మం కాదు. ఆ రాత్రికి కూనలను వెచ్చగా ఎలా ఉంచాలో చెబుతాము. 1824లో మొదలైన ఆర్.ఎస్.పి.సి.ఎ., 1927లో మొదలైన క్యాట్స్ ప్రొటెక్షన్ వంటి పెద్ద సంస్థల దారి చూపిస్తాము. దిక్కులేని కుక్క అయితే స్థానిక కౌన్సిల్‌కు తెలపాలని చెబుతాము.

అసలు ఆ పెట్టె నిండకుండా చూడడం ఇంకా మంచిది. ఆడపిల్లి నాలుగు నెలల వయసుకే చూలు కట్టగలదు. తొమ్మిది వారాల్లో ఈనుతుంది. పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించడం పాపం కాదా అని మన పెద్దవాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్నే. పుట్టనిచ్చి ఆకలికీ, చలికీ, కార్ల చక్రాలకూ వదిలేయడం పెద్ద హింస. మత్తు ఇచ్చి ఒకసారి చేసే ఆపరేషన్ దానికంటే ఎంతో చిన్న బాధ. రెండు బాధల్లో తక్కువదాన్ని ఎంచుకోవడం కూడా అహింసా వ్రతంలో భాగమే అని మా నమ్మకం.

జడభరతుని పాఠం

భాగవతం పంచమ స్కంధంలో భరత మహారాజు కథ ఉంది. రాజ్యం వదిలి గండకీ తీరంలో తపస్సు చేసుకుంటూ ఉండగా, సింహగర్జనకు బెదిరి నదిని దూకిన లేడి కడుపులోంచి పిల్ల జారి నీళ్ళలో పడింది. ఆయన దాన్ని ఎత్తుకుని ఆశ్రమానికి తెచ్చి పెంచాడు. కాపాడడం తప్పు కాదు. క్రమంగా జపం పోయింది, ధ్యానం పోయింది, లేడిపిల్ల ఒక్కటే మిగిలింది. దాన్నే తలుచుకుంటూ ప్రాణం విడిచి మరుజన్మలో లేడిగా పుట్టాడు.

ఫోస్టరింగ్ చేసే మా అందరికీ ఈ కథ కంఠతా రావాలి. రాత్రిళ్ళు మేలుకుని, ముద్దుగా పేరు పెట్టుకుని పెంచిన కూన, ఎనిమిది వారాలు దాటి, టీకాలు వేయించుకుని, ఒకరోజు వేరే ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ దిగులుపడతారు, పిల్లలు ఏడుస్తారు. ఆడపిల్లను అత్తవారింటికి పంపినట్టే ఉంటుంది. మనమే ఉంచేసుకుందాం అనిపించడం సహజం. అలా ప్రతి ఇల్లూ ఉంచేసుకుంటే రేపు వచ్చే అట్టపెట్టెకు చోటుండదు. కాబట్టి దత్తత తీసుకునేవారి ఇల్లు చూసి, రోడ్డు ఎంత దూరంలో ఉందో, ఊరెళితే ఎవరు చూస్తారో అడిగి తెలుసుకుని, మనసు గట్టి చేసుకుని అప్పగిస్తాము. నాది అనుకోకుండా ప్రేమించడం గీతలో చదివితే కష్టంగా తోస్తుంది. పిల్లికూనను సాగనంపిన నాడు దాని అర్థం కొంచెం తెలుస్తుంది.

జటాయువు దగ్గర రాముడు

ఎంత చేసినా దక్కనివి కొన్ని ఉంటాయి. శ్రీరామచంద్రుడు కూడా జటాయువు ప్రాణం నిలపలేదు. కానీ ఆ పక్షి చివరి మాట విన్నాడు, తండ్రికి చేసినట్టు దహనసంస్కారం చేశాడు, గోదావరిలో ఉదకం విడిచాడు. బ్రతకదని తేలిన జీవిని నొప్పి లేకుండా పంపించే విషయంలో మనవాళ్ళలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని గౌరవిస్తాము. మేము పెట్టుకున్న నియమాలు రెండే. ఆ నిర్ణయం వెట్ సలహా లేకుండా, ఒక్కరి మాట మీద జరగకూడదు. ఏ జీవీ చివరి నిమిషంలో ఒంటరిగా ఉండకూడదు, మాలో ఒకరు దాని మీద చేయి వేసి, నారాయణ నామం చెప్పుకుంటూ దగ్గర ఉండాలి. ఫలం మన చేతిలో లేనప్పుడు కూడా మన చేయి మన చేతిలోనే ఉంది కదా.

ఈ పండుగకు మా ప్రార్థన

ఇంగ్లండులో మామూలు రోజుల్లో రాత్రి 11 గంటల తరువాత టపాకాయలు కాల్చకూడదు. 2004 నాటి నిబంధనలు దీపావళి రాత్రికి మాత్రం ఒంటిగంట దాకా వెసులుబాటు ఇచ్చాయి. మన పండుగకు దక్కిన మర్యాద అది. చట్టం ఇచ్చినదంతా వాడుకోవాలని లేదు. పిల్లలు నిద్రపోయే వేళకు ముగించి, పెద్ద శబ్దాల బదులు మతాబులు, చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు కాల్చుకుంటే కాంతికి లోటుండదు. చీకటి పడకముందే పిల్లులను ఇంట్లోకి పిలిచి, కిటికీలు మూసి తెరలు వేయండి. కుక్కను పగలే నడకకు తీసుకెళ్ళండి. కొద్ది రోజుల తేడాలో నవంబరు 5 నాటి భోగిమంటలూ వస్తాయి. పేర్చిన కట్టెల కింద హెడ్జ్‌హాగ్‌లు దూరి ఉంటాయి కనుక, నిప్పు పెట్టేముందు అడుగున టార్చిలైటు వేసి చూడండి, వీలైతే కుప్పను పక్కకు మార్చి పేర్చండి.

ఇంగ్లండులో కుక్కలకు 2016 నుంచీ, పెంపుడు పిల్లులకు 2024 జూన్ 10 నుంచీ మైక్రోచిప్ తప్పనిసరి. చిప్ ఉంటే చాలదు, అందులో నమోదైన ఫోను నంబరు మీరు ఇప్పుడు వాడుతున్నదే కావాలి. బెదిరి పారిపోయిన జీవి ఇల్లు చేరడానికి ఆ నంబరే దారి.

సేవకు డబ్బు ఒక్కటే కాదు, చేతులు కావాలి. వారానికి ఒక గంట కారు నడిపి వెట్ దగ్గరికి తీసుకెళ్ళేవారు, తువ్వాళ్ళు ఉతికి ఇచ్చేవారు, లెక్కలు రాసేవారు అందరూ అవసరమే. పాత తువ్వాళ్ళు, పాత పేపర్లు పారేయకుండా గుడికి తీసుకురండి. ఇచ్చిన ప్రతి పౌనునూ హుండీలో పడిన సొమ్ముగా భావించి, ప్రతి ఖర్చుకూ రసీదు ఉంచి, ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్క చెబుతాము.

దీపం పెట్టిన ఇంటికి లక్ష్మి వస్తుందని మన విశ్వాసం. ఆ వెలుగు చూసి చలిలో వణికే ఒక చిన్న ప్రాణి కూడా గుమ్మం దాకా రావచ్చు. దానికి ఒక పూట పాలు పోయడంతో సరిపెట్టుకోక, తనదంటూ ఒక ఇల్లు దొరికే దాకా చేయి విడువని ఓపికను శ్రీ సత్యభామా సమేత శ్రీకృష్ణ పరమాత్మ మనందరికీ ప్రసాదించుగాక.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.