కర్త యెవరు?

చేయి వణకుట మనుజుని ఇచ్ఛకు లోబడినది కాదు. లండను నగర వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో ఈ వణకు వ్యాధిని గూర్చి ఒక చిన్న గ్రంథమును వ్రాసెను. తరువాతి కాలమున వ్యాధికి ఆయన పేరే నిలిచినది. మన ఆయుర్వేదము ఇట్టి లక్షణములను కంపవాతమని వ్యవహరించినది. మెదడు లోపల డోపమైన్ అను ద్రవ్యమును పుట్టించు కణములు క్రమముగా నశించుట దీనికి మూలము. రోగి నీళ్ళ గ్లాసు ఎత్తుకొనవలెనని తలచును, చేయి వినదు. అడుగు వేయవలెనని తలచును. పాదము నేలకు అతుకుకొనిపోవును. సంకల్పమున్నది, కరణము లోబడదు.

పూర్వము ఈ వణకును ఆపుటకై మెదడులోని థలమస్ అను భాగమున కొంత కణజాలమును నశింపజేసెడివారు. తావు సరియైనదో కాదో తెలియుటకు ముందుగా సన్నని తీగతో విద్యుత్తు పంపి పరీక్షించుట వాడుక. ఆ విద్యుత్తును సెకనుకు నూరుసార్ల ప్రాంతమున స్పందింపజేసినపుడు వణకు ఆగిపోవుటను 1987లో ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ నగరమున బెనాబిద్ అను శస్త్రవైద్యుడు గమనించెను. పరీక్షకై పంపినదే చికిత్స యైనది! నేడు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అనబడు ఈ పద్ధతిలో తీగలను మెదడులోనే నిలిపి, మెడ చర్మము క్రిందుగా తెచ్చి, రొమ్ము పైభాగమున అమర్చిన చిన్న యంత్రమునకు కలుపుదురు. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలోను ఈ చికిత్స జరుగుచున్నది. దీనితో వ్యాధి పోదు, లక్షణములు అణగును. అయినను, ఏండ్ల తరబడి ఒకరు తినిపించిన మనిషి తన చేతితో తాను అన్నము కలుపుకొని తినగల్గుట స్వల్ప విషయమా?

ఇంతవరకు చిక్కు లేదు. చేయి పనిముట్టు, దానిని బాగుచేసిరి. కాని ఆ తీగ ప్రభావము చేతి వద్దనే ఆగవలెనను నియమము లేదు.

1999లో పారిస్ వైద్యులు ఒక ఉదంతమును ప్రకటించిరి. అరువదియైదేండ్ల స్త్రీకి తీగలోని ఒకానొక బిందువు వద్ద విద్యుత్తు ప్రసరింపజేయగా, క్షణములలో ఆమె ముఖము వాడి, కన్నీరు కారినది. బ్రతుకుట ఇష్టము లేదని పలికినది. అంతకు మునుపు ఆమెకు అట్టి విషాదరోగమే లేదు. విద్యుత్తును ఆపగా ఒకటిన్నర నిమిషములో తేరుకొన్నది.

వేదాంతము చదివినవారు దీనికి తొట్రుపడరు. మనస్సును మన పెద్దలు అంతఃకరణమనిరి. అనగా అదియు ఒక కరణమే. గీతయందలి పదుమూడవ అధ్యాయము ఇచ్ఛాద్వేషములను, సుఖదుఃఖములను క్షేత్రములోనే చేర్చినది. విద్యుత్తు తాకినది క్షేత్రమును, క్షేత్రజ్ఞుని కాదు. సమాధానము సరియైనదే. కాని మంచము ప్రక్కన నిలిచి, ఎవరి మాట వినవలెనో తేల్చుకొనవలసిన వైద్యునకు అది చాలదు.

2004లో నెదర్లాండ్సు వైద్యులు వెల్లడించిన మరియొక ఉదంతము దీనిని స్పష్టము చేయును. అరువదిరెండేండ్ల పురుషుడొకడు. యంత్రము పనిచేయునపుడు అవయవములు కదలును గాని మనస్సు అదుపు తప్పి ఉన్మాదము పొంగును, విచక్షణ నశించును. యంత్రము నాపినచో బుద్ధి నిర్మలము. దేహము మాత్రము మంచమునకు అంకితము. ఔషధములు ఆ ఉన్మాదమును అణచలేకపోయినవి. నడుమ మార్గము దొరకలేదు.

ఈ ఇరువురిలో ఎవరిని అడుగవలెను? ఉన్మాదమున నున్నవానికి తనలో లోపమే కనబడదు. అతడు ఒక్క స్థితినే ఎరుగును. మంచమున పడియున్నవాడో, రెండు స్థితులను ఎదుట నిలిపి తూచగలడు. కనుక అతని మాటకే బరువెక్కువ. బాధచే ఒత్తిడి పడినవాని సమ్మతి స్వతంత్రమైనదేనా యని ఆక్షేపింపవచ్చును. బాధ నిశ్చయమును తొందరపెట్టును, నిజమే. కాని అది తూకమును చూపును గాని త్రాసును విరువదు. ఉన్మాదము త్రాసునే విరుచును.

అతడు స్వస్థబుద్ధితో యంత్రము పనిచేయుటనే కోరుకొనెను. దాని వెంట మానసిక చికిత్సాలయమున నిర్బంధముగా నుండుటకు సైతము ఒప్పుకొనెను. దీక్ష పట్టినవాని సంకల్పమువంటిదే యిది. అయితే దీక్ష పట్టినవానికి ఆకలి వేళ తన సంకల్పము గుర్తుకు వచ్చును. ఇతని మాటను నిలుపవలసినది ఇతరులు. మరునాడు అతడే తలుపు తీయుడని అరచినచో, నిన్నటి మాటను చూపి తలుపు మూసియుంచుట కాపలాదారునకు ఎంత భారమో!

ఆ వైద్యులు విద్యుత్తును ప్రసరింపజేసి, ఉప్పొంగియున్న మనస్సును అడిగియుండిన, సమ్మతి యింకను సులభముగా దొరకియుండెడిది. వారు మీటను ఆపి, కదలలేక పడియున్న మనిషి ప్రక్కన చేరి, అతనినే అడిగిరి.