ధర పెట్టిన పాత చొక్కా

మనలో ఎవరమూ కొత్తబట్టతో బతుకు మొదలుపెట్టలేదు. పుట్టిన రోజున మనల్ని చుట్టింది తాతయ్య పాత పంచో, అమ్మమ్మ నేతచీర ముక్కో అయ్యుంటుంది. పురుడు వెళ్ళేదాకా పసిబిడ్డకు కొత్తబట్ట వెయ్యకూడదని మా క్రోసూరు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ పట్టుబడతారు. నూలుబట్ట ఎన్నో ఉతుకులు తింటేగానీ పసివొంటికి సరిపడేంత మెత్తబడదు, అదొక కారణం. నిండుగా బతికిన ముసలాయన పంచె అయితే ఆయన ఆయుష్షు కూడా అబ్బుతుందని ఇంకో నమ్మకం. తర్వాత ఉయ్యాల, అదీ పాత చీరే. పక్కలోకి బొంత, అందులో ఇంటిల్లిపాదీ విడిచిన బట్టలుంటాయి. ఇంత పాతలో పొర్లి పెరిగినవాళ్ళం, పదేళ్ళు వచ్చేసరికి ఒకరు వాడిన బట్ట అంటే మొహం ఎందుకు తిప్పుకుంటాం?

మురికి అంటారు. నేను నమ్మను. లాడ్జిలో దుప్పటి కప్పుకునేటప్పుడు నిన్న దీన్ని ఎవరు కప్పుకున్నారని అడగం. అద్దెకు తెచ్చిన షేర్వాణీని ఎంతమంది పెళ్ళికొడుకులు తొడిగారో తెలియదు, అయినా దాంట్లోనే ఫొటో దిగి గోడకు తగిలిస్తాం. అరిష్టం అంటారు. అదీ సగమే నిజం. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచని ఇళ్ళున్న మాట వాస్తవమే గానీ, పోయిన తల్లి పట్టుచీరను బయట పడేసిన కూతుర్ని నేనింతవరకు చూడలేదు.

అసలు సంగతి నాకు బడిలో తెలిసింది. మా తరగతిలో ఒక పిల్ల ఒకరోజు గులాబీ రంగు గౌను వేసుకొచ్చింది. మెడ చుట్టూ లేసు, నడుం దగ్గర రిబ్బను. అందరం చుట్టూ మూగాం. వెనక బల్ల నుంచి ఇంకో పిల్ల లేచి, “అది నా గౌనే, మా అమ్మ వీళ్ళమ్మకిచ్చింది” అంది. చెడ్డ పిల్లేం కాదు, ఉన్న మాటే అంది. గౌను మాత్రం అంతకుముందు క్షణంలో ఉన్నట్టే ఉంది, లేసు ఊడలేదు, రంగు దిగలేదు. ఆ పిల్ల మర్నాటి నుంచి మళ్ళీ దాన్ని వేసుకుని రాలేదు.

సిగ్గు బట్ట పాతదనంలో లేదు, ఇచ్చిన చేతిలో ఉంది. మన ఊళ్ళలో పాతబట్ట ఎప్పుడూ పైనుంచి కిందికే జారింది. ఆసామి దగ్గర్నుంచి పాలేరుకు, ఇంటావిడ దగ్గర్నుంచి పనిమనిషికి, పండగనాడు చాకలికి. వెనక్కి ఎక్కిన దాఖలా లేదు. పాలేరు కొడుకు చదువుకుని మంచి ఉద్యోగం తెచ్చుకుని, ఖరీదైన చొక్కా రెండేళ్ళు తొడిగి విడిస్తే, దాన్ని ఆసామి మనవడు వేసుకుంటాడా? ఎంత మైలపడని చొక్కా అయినా వేసుకోడు. పాతబట్ట వేసుకోవడమంటే ఇచ్చినవాళ్ళకు ఒక మెట్టు కింద నిలబడ్డానని ఊరంతటికీ చెప్పుకుంటూ తిరగడం.

ఇంట్లో ఈ బాధ తక్కువ. మా అమ్మ సంక్రాంతికి గౌన్లు కుట్టించేటప్పుడే “పెరిగే పిల్ల, కాస్త వదులుగా కుట్టు, కింద మడత ఎక్కువ పెట్టు” అని టైలరుకు చెప్పేది. ఏటా ఒక మడత విప్పేవాళ్ళం. విప్పిన చోట ఎండ తగలని రంగు పట్టీలా ముదురుగా కనపడేది. ఆ పట్టీలు లెక్కపెడితే గౌను వయసు తెలిసిపోయేది. పెద్దక్కకు ఒకటి, చిన్నక్కకు ఒకటి, నేను వేసుకునేసరికి మూడు. విసుక్కున్నాను, ఏడ్చాను కూడా. తలవంచుకోవడం మాత్రం లేదు, ఎందుకంటే అక్క నాకు దాత కాదు, అక్కే.

పాతబట్టకు సిగ్గులేని చోటు ఇంకొకటుంది. పత్తితీతల కాలంలో దొడ్లేరు వైపో, పీసపాడు వైపో వెళ్ళి చూడండి. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా లేకుండా చేలో దిగే ఆడమనిషి అరుదు. ఎండ మాడ్చకుండా, ఎండిన కాయ మొనలు గీరుకోకుండా మణికట్టు దాకా గుండీ పెట్టుకుంటారు. మిరపకోతల్లో అయితే కాలరు పైకి లేపి, ఘాటుకు మూతి చుట్టూ కొంగు బిగిస్తారు. అది మొగుడి చొక్కా కావచ్చు, హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకుది కావచ్చు. ఏసీ గదిలో నలగకుండా కూర్చున్న చారల చొక్కాకు ఇక్కడ ఇంకో నాలుగేళ్ళ ఆయుష్షు. పై గుండీ నల్లది, కింది గుండీ ఎర్రది. చీరకు లేని సుఖం ఒకటి దీనికుంది, జేబు. సెల్‌ఫోను అందులోనే. అదే చొక్కాతో ఊళ్ళోకి రమ్మంటే మాత్రం రారు, గట్టు మీదే విప్పి సంచిలో పెట్టుకుంటారు. చేలో అది పనిముట్టు. కొడవలి ముందు ఎవరి చేతిలో ఉండేదని ఎవరూ అడగరు కదా.

ఆ చొక్కా నూలుదైతే దానికో లెక్కుంది. క్వింటా పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే 33, 34 కిలోల దూది వస్తుంది, మిగతాది గింజ. పావుకిలో తూగే చొక్కాకు కనీసం ముప్పావు కిలో పత్తి కావాలి. ఆ పత్తి తియ్యడానికి చేలో ఆడమనిషికి గంట పట్టదు. అక్కణ్ణుంచి గణపవరం లాంటి చోట నూలుగా వడికి, ఎక్కడో నేసి, ఎక్కడో అద్ది, ఎక్కడో కుట్టి, ఎవరి ఒంటి మీదో వెలిసి, ఆఖరికి మళ్ళీ పత్తిచేలోకే వచ్చింది. పాలిస్టరు కలిసినదైతే ఈ లెక్క తప్పుతుంది. అది మసిగుడ్డగా కూడా పనికిరాదు, నీళ్ళు సరిగా పీల్చదు.

మా అక్క కూతురు డాలస్‌లో చదువుతోంది. ఒకరోజు వీడియో కాల్లో ముదురాకుపచ్చ కోటు తొడుక్కుని గిర్రున తిరిగి చూపించింది. వాడిన బట్టలు అమ్మే గుడ్‌విల్ కొట్లో ఎనిమిది డాలర్లట.

“ఎవరిదే అది?” అంది మా అమ్మ పక్కనుంచి.

“నాదే అమ్మమ్మా.”

“అది కాదే, ముందు ఎవరిదీ అని.”

“ఏమో, నేను కొన్నాగా.”

“ఏ చచ్చినోళ్ళదో ఏమో. ఉతికావా?”

“రెండుసార్లు.”

అమ్మ కాసేపు ఊరుకుంది. “సరేలే, ఓ మూల పసుపు రాసి తొడుక్కో” అంది. కొత్తబట్టకు చేసే మర్యాద ఆ కోటుకూ జరిగిపోయింది.

ఎనిమిది డాలర్లు కట్టాక ఆ కోటుకు పాత సొంతదారు లేడు. ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు. ‘అది నాదే’ అని వేలు చూపించే మనిషి ఆ ఊళ్ళోనే ఉన్నా మా పిల్ల నవ్వి ఊరుకోగలదు. నా గులాబీ గౌను స్నేహితురాలికి దొరకనిది ఇదే. గుడ్‌విల్ మొదలైన తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు ఉన్నవాళ్ళ ఇళ్ళలో పాత సామాన్లు, బట్టలు పోగుచేశాడు. వాటిని ఊరికే పంచలేదు. పేదవాళ్ళకు కూలి ఇచ్చి బాగుచేయించి, అమ్మించాడు.

పాతబట్టను లేనివాళ్ళకు ఊరికే ఇవ్వచ్చా అన్న తగువు మన దేశంలో గాంధీకీ ఠాగూరుకీ మధ్య వచ్చింది. 1921 జులై 31న బొంబాయిలో విదేశీ బట్టలను కుప్పపోసి తగలబెట్టారు. కట్టుకోవడానికి లేనివాళ్ళు ఇంతమంది ఉండగా కాల్చడానికి ఆ బట్టలు మనవెలా అవుతాయని ఠాగూరు అడిగారు. వినగానే ఎవరికైనా ఆయన మాటే న్యాయమనిపిస్తుంది, నాకూ అనిపించింది. గాంధీ అక్టోబరులో యంగ్ ఇండియాలో జవాబు రాశారు. పని లేక బట్ట లేనివాడికి విడిచిన బట్ట ఇవ్వడం అవమానం, అతనికి ఇవ్వాల్సింది పని అన్నది ఆ జవాబు సారం. ఆ తగువు నడుస్తున్న రోజుల్లోనే, సెప్టెంబరు 22న, మదురైలో ఆయన చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి దిగారు. కాల్చడం సరైనదేనని నేనిప్పటికీ అనలేను. పాతబట్టలో ఉన్న ముల్లు ఎక్కడుందో మాత్రం గాంధీకే తెలిసింది.

ఆ ముల్లు తీసే దారి అన్షు గుప్తా పట్టుకున్నారు. 1999లో ఢిల్లీలో ఆయన మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పట్నాల్లో పాతబట్టలు పోగుచేసి పల్లెలకు పంపుతుంది, కానీ ఊరికే పంచిపెట్టదు. ఊరివాళ్ళు బావి తవ్వుకుంటారు, బాట వేసుకుంటారు, చెరువు పూడిక తీసుకుంటారు. ఆ పనికి బట్టలు కూలి. 2015లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది.

అంత దూరం ఎందుకు, మా వీధిలోకి స్టీలు సామాన్ల బుట్టతో వచ్చే ఆవిడకు ఈ ధర్మం ఎప్పటినుంచో తెలుసు. “ఇదేందమ్మా, చంకలో పిగిలింది, దీనికి గిన్నె ఎట్టా వస్తది?” అంటుంది. “అంచు చూడు, చెక్కుచెదర్లా. ఆ టిఫిన్ డబ్బా ఇయ్యి” అంటుంది మా అమ్మ. గంటసేపు పోట్లాట. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ దానం చెయ్యడం లేదు, ఇద్దరూ ఎదుటివాళ్ళు తమను ముంచారనే అనుకుంటారు. నాకు తెలిసిన పాతబట్టల వ్యవహారాల్లో ఇంత సమానమైనది లేదు.

ధర పెట్టగానే అన్నీ చక్కబడతాయని అనను. కొత్తది కొనగలిగినవాళ్ళు పాతది తొడిగితే స్టైలు, కొనలేనివాళ్ళు తొడిగితే గతిలేకపోవడం, ఈ తేడా డాలస్‌లోనూ ఉంటుంది. ధనిక దేశాలు విడిచిన బట్టలు మూటలు మూటలుగా ఘనాలోని అక్ర నగరం కాంటమాంటో బజారులో దిగుతాయి. డబ్బు పెట్టి మూట కొన్న చిన్న వ్యాపారికి అందులో పనికిరాని చెత్త తేలితే ఆ నష్టం ఆమెదే. అక్కడ ధర కూడా కిందికే జారింది.

అయినా హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో గుట్టపోసిన బట్టల ముందు కూర్చుని ఏరుకునే కుర్రాళ్ళను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తెలిసినవాడు ముందు ముఖం చూడడు, తిరగేసి లోపల చూస్తాడు. కాలరు మడత, చంకలు, జేబు మూలలు. వెలుతురుకు ఎత్తిపట్టి బట్ట పలచబడిందేమో చూస్తాడు. కుట్టులోపల గుడ్డ ఎంత వదిలారో చూస్తాడు, వదులు చెయ్యడానికి అదే ఆధారం. మా సెంటర్లో టైలరు మాత్రం గొణుగుతాడు. “కొత్తది కుట్టడం తేలికమ్మా. పాతది విప్పి కుట్టాలంటే తల ప్రాణం తోకకొస్తది.” గొణుగుతూనే మా అమ్మ పట్టుచీరను మా పిల్లకు లంగా చేశాడు. మడతల దగ్గర పిగిలిన చోట్లు కుచ్చుళ్ళలో దాచి, కొంగు ముందుకు తెచ్చాడు. జరీ కోసం పాత పట్టుచీరలు కొనే మనిషి చేతిలో పడితే ఆ చీర వెండి తూకమై పోయేది.

సంక్రాంతికి బీరువా సర్దుతారు. తీసేసిన బట్టలు పనిమనిషి చేతిలో కుక్కి పంపకండి. ఉతకండి, ఊడిన గుండీ కుట్టండి, జిప్పు పడుతుందో లేదో చూడండి. చిరిగినవి మసిగుడ్డలకు ఉంచుకోండి. మిగతావి నలుగురైదుగురు కలిసి, ఇది ఎవరిదో అది ఎవరిదో తెలియకుండా కలిపేసి, గుడి దగ్గరో చర్చి దగ్గరో పరవండి. ఐదో పదో ధర పెట్టండి. బేరమాడితే కాస్త తగ్గించండి.